కంప్యూటరు బొమ్మలలో తుప్పు, చిలుము

చింతపండుతో తోమిన రాగి బిందె ఎర్రగా తళతళలాడుతుంది. నాలుగు రోజులు తోమకుండా వదిలితే ఆ తళుకు మాసి గోధుమరంగుకు తిరుగుతుంది. ఇంకా అశ్రద్ధ చేస్తే తడి నిలిచే అంచు మడతలలో, అడుగుభాగాన పచ్చని చిలుము పడుతుంది. చేతులు తరచుగా తగిలే మెడ భాగం మాత్రం ఎప్పుడూ కొంత మెరుస్తూనే ఉంటుంది. బిందెను చూడగానే దానిని తోమి ఎన్నాళ్ళయినదో ఇంటి ఇల్లాలు చెప్పగలదు. బిందె పడిన పాట్లన్నీ దాని ఒంటిమీదనే వ్రాసి ఉంటాయి.

ఈ వ్రాతను బొమ్మలో చూపడం చేయి తిరిగిన చిత్రకారునికి కష్టం కాదు. కాని కుంచె పట్టకుండా, కేవలం సంఖ్యలతో బొమ్మను తయారుచేసే కంప్యూటరుకు దానిని నేర్పడానికి శాస్త్రజ్ఞులకు మూడు దశాబ్దాలకు పైగా పట్టినది. పాతబడిన లోహాన్ని చూసేవారు నమ్మేటట్లు చిత్రించాలంటే ఆ లోహానికి ఏమి జరిగినదో ముందు తెలిసి ఉండాలన్నది ఆ కృషిలో తేలిన సత్యం.

1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఐవాన్ సదర్లాండ్ ‘స్కెచ్‌పాడ్’ అనే పద్ధతిని రూపొందించినాడు. కాంతి కలంతో తెరమీద గీతలు గీయడం దానితో సాధ్యమైనది. ఆ తరువాత యూటా విశ్వవిద్యాలయం ఈ విద్యకు కేంద్రమైనది. గీతల బొమ్మకు వెలుగునీడలు కల్పించే మార్గాన్ని 1971లో హెన్రీ గూరో చూపినాడు. వియత్నాంలో పుట్టిన బుయ్ తూంగ్ ఫాంగ్ 1973లో తన పరిశోధన గ్రంథంలో తళుకును లెక్కకట్టే సూత్రాన్ని ఇచ్చినాడు. దీపం ఎటు ఉన్నది, కన్ను ఎటు ఉన్నది, ఉపరితలం ఎటు తిరిగి ఉన్నది అనే మూడు దిశలు తెలిస్తే చాలు, ఆ చోట ఎంత మెరుపు ఉండాలో ఆ సూత్రం చెబుతుంది.

సూత్రం సులభమైనదే. కాని దానితో వేసిన వస్తువులన్నీ ప్లాస్టికుతో చేసినట్లే కనబడేవి. రాగి రంగు వేసిన పాత్ర రాగి పాత్ర కాలేదు. రాగి రంగు ప్లాస్టికు పాత్ర అయినది.

అప్పుడు మరొక ఉపాయం దొరికినది. 1974లో అదే విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ కాట్‌మల్, వంపు తిరిగిన ఉపరితలానికి ఒక బొమ్మను అతికించే పద్ధతిని తన గ్రంథంలో వివరించినాడు. పాఠశాలలోని గోళానికి ప్రపంచ పటాన్ని అతికించినట్లే ఇదీ. దీనికి టెక్స్చర్ మాపింగ్ అని పేరు. 1978లో జేమ్స్ బ్లిన్ దానికి ఎగుడుదిగుడులను జోడించినాడు. ఆయన ఉపరితలాన్ని నిజంగా ఎత్తుపల్లాలు చేయలేదు. ప్రతి బిందువు వద్ద లంబరేఖ దిశను కొద్దిగా మార్చినాడు. దానితో వెలుగునీడలు మారి గరుకుదనం ఉన్నట్లు కంటికి తోచినది. అయితే ఆ వస్తువు అంచును చూస్తే అది మునుపటివలె నునుపుగానే ఉండేది.

తుప్పు పట్టిన రేకును ఫోటో తీసి, దానిని బొమ్మకు అతికిస్తే పని తీరదా అని విద్యార్థులు అడగవచ్చు. చాలాకాలం అలాగే చేసినారు కూడా. కాని ఫోటోలో అది తీసిన వేళనున్న ఎండ, నీడ కూడా చేరి ఉంటాయి. బొమ్మలో దీపం కుడివైపున ఉంటే, ఫోటోలోని నీడలు ఎడమనుంచి వెలుగు వస్తున్నదని చెప్పవచ్చు. ఎక్కడ తప్పున్నదో చెప్పలేకపోయినా, ఏదో తప్పున్నదని కన్ను పట్టివేస్తుంది. కనుక ఫోటోను అతికించడంతో సరిపెట్టక, లోహం వెలుగును ఎట్లా పరావర్తనం చేస్తుందో తెలుసుకోవలసి వచ్చినది.

ఆ జ్ఞానం మరొక శాఖలో అప్పటికే సిద్ధంగా ఉన్నది. 1967లో కెన్నెత్ టోరెన్స్, ఎఫ్రాయిమ్ స్పారో అనే యంత్రశాస్త్రజ్ఞులు గరుకు ఉపరితలాన్ని వేలాది అతి చిన్న అద్దాల సముదాయంగా భావించి, పరావర్తనాన్ని లెక్కకట్టినారు. అద్దాలన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటే తళుకు చిన్నదిగా, తీక్షణంగా ఉంటుంది. తలొక దిక్కుకు తిరిగి ఉంటే తళుకు చెదరి మందగిస్తుంది. ఈ సిద్ధాంతాన్ని 1977లో బ్లిన్ కంప్యూటరు బొమ్మలలోకి తెచ్చినాడు. 1981లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కుక్, టోరెన్స్ కలిసి దానిని పెంపొందించి, ఒకే కూజాను రెండు విధాలుగా చూపినారు: ఒకటి రాగి రంగు ప్లాస్టికు, రెండవది నిజమైన రాగి.

తేడా తళుకు రంగులో ఉన్నది. ప్లాస్టికు పైపొరనుంచి వచ్చే తళుకు దీపపు రంగులోనే ఉంటుంది. దాని స్వంత రంగు లోపలి రంగు కణాలనుంచి వస్తుంది. లోహంలోకి కాంతి దూరంగా చొరబడలేదు. దాని రంగంతా ఉపరితల పరావర్తనంలోనే ఉన్నది. రాగి నీలి కాంతికంటె ఎర్రని కాంతిని ఎక్కువగా తిప్పికొడుతుంది కనుక దాని తళుకే ఎర్రబారి ఉంటుంది.

ఈ విధంగా కంప్యూటరుకు లోహం చేతికి వచ్చినది. కాని అది అప్పుడే తోమిన లోహం! 1982లో వచ్చిన ‘ట్రాన్’ చలనచిత్రానికి పనిచేసిన కెన్ పెర్లిన్‌కు యంత్రపు బొమ్మలలోని ఈ అతి శుభ్రత నచ్చలేదు. ఆయన క్రమబద్ధమైన యాదృచ్ఛికతను పుట్టించే ఒక గణిత సాధనాన్ని కనిపెట్టి 1985లో ప్రకటించినాడు. దానితో పాలరాతి చారలు, మబ్బులు, మచ్చలు సులభంగా వచ్చినవి. తుప్పు మచ్చలకూ దానిని వాడినారు.

అయితే తుప్పు తోచినచోట పట్టదు. ఉన్నత పాఠశాలలో చేసే మేకుల ప్రయోగమే దీనికి సాక్ష్యం. తడి గాలిలో ఉంచిన మేకుకు తుప్పు పడుతుంది. పొడి గాలిలో ఉంచిన మేకుకు పట్టదు. కాచి చల్లార్చి, పైన నూనె పోసిన నీటిలోని మేకుకూ పట్టదు. నీరు, ఆక్సిజను రెండూ అందినచోటనే ఇనుము క్షయిస్తుంది. పుట్టిన తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించి, ఉబ్బి, పెచ్చులుగా ఊడుతుంది. క్రింది ఇనుము మళ్ళీ గాలికి దొరుకుతుంది. రాగి విషయం వేరు. ముందు గోధుమరంగు ఆక్సైడు పొర, తరువాత పచ్చని పొర ఏర్పడతాయి. నగరాల గాలిలో ఆ పచ్చదనం ఎక్కువగా సల్ఫేటు లవణాలది. సముద్రతీరంలో క్లోరైడులూ చేరుతాయి. ఈ పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. 1886లో న్యూయార్కు రేవులో నిలిపిన స్వేచ్ఛాదేవి విగ్రహం సుమారు రెండున్నర మిల్లీమీటర్ల రాగి రేకుతో చేసినది. అది మొదట రాగి రంగులోనే ఉండేది. సుమారు 1920 నాటికి పూర్తిగా పచ్చబడినది.

ఈ రసాయన క్రమాన్నే బొమ్మకు ఆధారం చేసినవారు జూలీ డార్సీ, పాట్ హన్రహాన్. 1996లో వారు రాగి చిలుమును ఒక రంగుగా కాక, ఒకదానిమీద ఒకటి పేరుకొనే పొరలుగా లెక్కించినారు. పొరను పూయవచ్చు, అరగదీయవచ్చు, మెరుగు పెట్టవచ్చు. పొరలగుండా కాంతి ఎట్లా ప్రసరిస్తుందో చెప్పడానికి, రంగుల పూతలకోసం 1931లో కుబెల్కా, ముంక్ తయారుచేసిన సమీకరణాలను వాడినారు. అదే సంవత్సరం హన్స్ పెడర్సెన్‌తో కలిసి వారు గోడలమీద వాన నీరు కారే తీరును కూడా లెక్కకట్టినారు. నీటి బొట్టు మురికిని ఎక్కడ కరిగించుకొన్నది, ఎక్కడ వదిలినది అనే లెక్కనుంచి చారలు వాటంతట అవే వచ్చినవి. 2001లో ఫ్రాన్సులో మెరియూ, మరి ఇద్దరు లోహక్షయానికీ ఇటువంటి పద్ధతిని సూచించినారు.

ఈ శ్రమ ఫలితం వెండితెరమీద కనబడినది. 1995లో వచ్చిన ‘టాయ్ స్టోరీ’ ఆటబొమ్మల కథ. ప్లాస్టికును బాగా చూపగల విద్యకు అది తగిన కథ. 2006 నాటి ‘కార్స్’లో తుప్పు పట్టిన పాత లారీ ఒక ముఖ్య పాత్ర అయినది. 2008లో ‘వాల్-ఈ’ అనే తుప్పు యంత్రమే కథానాయకుడైనది.

2012లో డిస్నీ సంస్థలో బ్రెంట్ బర్లీ, పదార్థ లక్షణాలను సున్నకూ ఒకటికీ మధ్య సంఖ్యలతో తెలిపే సులభ పద్ధతిని ప్రకటించినాడు. అందులో ఒకటి గరుకుదనం, మరొకటి లోహత్వం. ఇక్కడ రసాయన పాఠం తెలియనివారు సాధారణంగా పొరబడతారు. రేకు ఇనుముదే కదా అని తుప్పు మచ్చకూ లోహత్వం ఒకటి అని వేస్తే ఆ మచ్చ గోధుమరంగు అద్దంవలె మెరుస్తుంది. తుప్పు లోహం కాదు, ఆక్సైడు. కనుక బయటపడిన ఇనుముకు ఒకటి, దాని ప్రక్కనే ఉన్న తుప్పుకు సున్న వేయాలి. తుప్పుకు గరుకుదనం కూడా ఎక్కువ చేయాలి.

ఈ పాఠం నేర్చుకోవడానికి విద్యార్థికి కంప్యూటరు ముందుగా అవసరం లేదు. వానకాలం వెళ్ళిన తరువాత పాఠశాల ఇనుప గేటును పరిశీలిస్తే చాలు. రంగు ఎక్కడ ముందు లేచినది? అతుకుల వద్దనా, నేలను తాకే కొసలవద్దనా? మేకు క్రింద ఎర్రని చార ఎటు కారినది? గడియ ఎందుకు మెరుస్తున్నది? ప్రతి మచ్చకూ కారణం వ్రాసి, దాని ప్రక్కన బొమ్మ గీయమని ఉపాధ్యాయుడు చెప్పవచ్చు. డార్సీ, హన్రహాన్ లెక్కలు కట్టినదీ అటువంటి కారణాలకే.