బాటసారి జాడ

విశాఖపట్టణంలో తెల్లవారుజామున సముద్రపు ఒడ్డు రోడ్డు మీద సైకిళ్లు సాగిపోతూ ఉంటవి. కొందరు రామకృష్ణా బీచి దగ్గర బయలుదేరి, కైలాసగిరి పాదం చుట్టి, ఋషికొండ దాటి, భీమునిపట్టణం దాకా పోయి, ఎండ ముదరకముందే ఇల్లు చేరుకుంటారు. త్రోవలో, ఒడ్డున, కురుసుర అనే జలాంతర్గామి నిలిచి ఉన్నది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో కొలువు చాలించి, 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్న ఓడ అది. తాను ఎక్కడ ఉన్నదీ పరులకు తెలియనీయకపోవడమే కొలువున్నన్నాళ్లూ దానికి రక్షణ. ఇప్పుడు దాని పక్కగా పోయే సైకిలు మనిషి, తాను ఎక్కడ బయలుదేరినదీ, ఏ మలుపు తిరిగినదీ, ఎక్కడ ఎంతసేపు ఆగినదీ, జేబులోని ఫోను చేత గీత గీయించి నలుగురికీ చూపుతున్నాడు.

ఇందులో తప్పేమున్నదని అడగవచ్చు. తప్పు లేదు. కాని దారిన పోయేవాని జాడ ఎవరి సొత్తు అనే ప్రశ్న మాత్రం ఉన్నది. ఆ ప్రశ్న ఫోనుతో పుట్టినది కాదు. మన దేశంలో దానికి పెద్ద చరిత్ర ఉన్నది. అందులో ఒక ముఖ్యమైన ఘట్టం ఒక తెలుగువాని పేరుతో ముడిపడి ఉన్నది.

విశాఖకు ఓడరేవు 1933లో వచ్చినది. 1941లో నౌకానిర్మాణశాలకు పునాది పడినది. దూరపు పేటల నుండి పనికి వచ్చే కార్మికునికి ఆ రోజులలో సైకిలే బండి, సైకిలే గుర్రం. నాటి మద్రాసు రాష్ట్రంలో పురపాలక సంఘాలు సైకిలుకు పన్ను వేసేవి. పన్ను కట్టినవానికి ఒక రేకు బిళ్ల ఇచ్చేవారు. అది సైకిలుకు తగిలించుకొనవలెను. చీకటి పడిన తరువాత దీపం లేకుండా పోతే పోలీసు ఆపేవాడు. ఇంతవరకే సర్కారు జోక్యం. పన్ను చెల్లినదా లేదా అన్న ఒక్క సంగతే ఆ బిళ్ల చెప్పేది. యజమాని నిన్న ఎవరి ఇంటికి పోయినాడో, ఎన్ని గంటలకు తిరిగి వచ్చినాడో దానికి తెలియదు.

ఈ పత్రిక చదివే ఇండ్లలోని పెద్దలకు రేడియో లైసెన్సు జ్ఞాపకం ఉండే ఉంటుంది. 1980ల నడిమి వరకు ఏటేటా తపాలా కార్యాలయానికి పోయి రుసుము కట్టవలసి ఉండేది. ఆ ఇంట రేడియో ఉన్నదని తపాలావారికి తెలుసు. రాత్రి పూట ఆ ఇంటివారు కర్ణాటక సంగీతం విన్నారా, సిలోను పాటలు విన్నారా అన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. సైకిలు బిళ్ల వంటిదే ఇదీ. వస్తువును లెక్కలో పెట్టినారు గాని మనిషిని వెంబడించలేదు.

మనిషిని వెంబడించిన చట్టం వేరొకటి ఉండేది. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేస్తూ ఒక చట్టం చేసినది. 1911లో చేసిన చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికి వ్యాపించినది. దాని క్రింద పేరు నమోదైనవాడు నిర్ణీత వేళలకు వచ్చి హాజరు పలకవలెనని ఉత్తరువు చేయవచ్చును. నివాసం మారినా, మారదలచినా, ఇంట లేకుండా పోయినా, పోదలచినా ముందుగా తెలుపవలెనని ఉత్తరువు చేయవచ్చును. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురంలో ఎరుకలవారి కోసం ఏర్పడిన సెటిల్మెంటు ఈ చట్టపు నీడలో పెరిగినదే. దొంగతనం చేసినవాడూ, చేయనివాడూ ఒకే వరుసలో నిలబడినారు. పక్క ఊరి సంతకు పోవడానికి కూడా ఒకరి అనుమతి కావలసివచ్చినది. 1947లో మద్రాసు రాష్ట్రంలోనూ, 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయినది. గొలుసు వేయకుండానే మనిషిని కట్టివేయవచ్చుననీ, అతడు ఎక్కడ ఉన్నదీ క్షణక్షణం తెలుసుకొనే అధికారం ఉంటే చాలుననీ ఆ చట్టం ఋజువు చేసి పోయినది.

చట్టం పోయినా అలవాటు వెంటనే పోదు. ఉత్తర ప్రదేశంలో ఖరక్ సింగ్ అనే అతనిపై 1941లో ఒక దోపిడి కేసు వచ్చినది. సాక్ష్యం లేక విడిచిపెట్టినారు. అయినా పోలీసులు అతని పేరిట చరిత్ర పత్రం తెరచినారు. ఇంటికి వచ్చే దారులలో రహస్యంగా కాపలా కాయడం, రాత్రివేళ వచ్చి తలుపు తట్టడం, ఊరు విడిచి పోయినప్పుడల్లా ఎక్కడికి పోయినాడో పై ఠాణాకు చీటీ వ్రాసి ఆరా తీయడం, ఇవన్నీ పోలీసు నిబంధనలలో వ్రాసి ఉన్న పనులే. అతడు సుప్రీం కోర్టుకు పోయినాడు.

1962 డిసెంబరు 18న తీర్పు వచ్చినది. ఆరుగురు న్యాయమూర్తులు కూర్చున్నారు. రాత్రిపూట ఇంటికి వచ్చి తలుపు తట్టడం చెల్లదని అందరూ ఏకీభవించినారు. తక్కిన నిఘా విషయంలో మాత్రం నలుగురిది ఒక మాట, ఇద్దరిది ఒక మాట. ఒకని కదలికలు కనిపెట్టినంత మాత్రాన అతని కాళ్లకు అడ్డం పడినట్లు కాదనీ, గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో చెప్పబడలేదనీ నలుగురు అన్నారు. కాదన్న ఇద్దరిలో ఒకరు జస్టిస్ షా. రెండవవారు, తామిద్దరి తరఫున తీర్పు వ్రాసినవారు, కోకా సుబ్బారావుగారు. 1902లో రాజమహేంద్రవరంలో పుట్టి, 1954లో గుంటూరులో వెలసిన ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తియై, పిమ్మట 1966లో దేశానికే ప్రధాన న్యాయమూర్తియైన వారు.

సుబ్బారావుగారి వాదన సారం ఇది. మనిషి ఊరికే కాళ్లు కదపడానికి ప్రయాణం చేయడు. ఒక పని మీదనో, ఒక మనిషిని చూడడానికో, మనస్సు కోరిన చోటికో పోతాడు. వెనుక ఎవరో నీడవలె వస్తున్నారని తెలిసిన తరువాత అతడు కదలగలడు గాని ఆ కదలికలో స్వేచ్ఛ ఉండదు, మరబొమ్మ నడిచినట్లు నడుస్తాడు. కాబట్టి కనిపెట్టడం కూడ అడ్డుపడడమే. వ్యక్తిగత గోప్యత స్వేచ్ఛలో అంతర్భాగమే.

ఆనాటికి అది ఓడిపోయిన అభిప్రాయం. సుబ్బారావుగారు 1976లో కాలం చేసినారు. 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి అనే విశ్రాంత న్యాయమూర్తి వేసిన దావాలో, తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠంగా గోప్యత మౌలికమైన హక్కే అని తేల్చినారు. 1962 నాటి నలుగురి మాటలో గోప్యత లేదన్న భాగాన్ని కొట్టివేసి, సుబ్బారావుగారి మాటకే పట్టం కట్టినారు. రాజమహేంద్రవరపు న్యాయమూర్తి వ్రాసిన వాక్యాలకు ఏబదియైదు ఏండ్లకు గెలుపు లభించినది.

గెలిచిన నాటికి లోకం మారినది. ఇప్పుడు మన వెనుక నడిచేది కానిస్టేబులు కాదు, మన జేబులో ఉన్నది. అది పనిచేసే తీరు రేడియో ఉన్న ఇంటివారికి సులభంగా బోధపడుతుంది. ఆకాశంలో సుమారు ఇరవైవేల కిలోమీటర్ల ఎత్తున జి.పి.యస్. ఉపగ్రహాలు తిరుగుతున్నవి. అమెరికా రక్షణశాఖ వాటిలో మొదటిదానిని 1978లో పంపినది. ప్రతి ఉపగ్రహమూ తాను ఉన్న చోటునూ, ఆ క్షణపు కాలాన్నీ ఎడతెగక ప్రసారం చేస్తూ ఉంటుంది. ఫోను నాలుగు ఉపగ్రహాల మాట విని, ఏది ఎంత ఆలస్యంగా వచ్చినదో లెక్కకట్టి, తన స్థానం తెలుసుకుంటుంది. ఇందులో ఫోను చేసే పని వినడమే. మన ఇంట రేడియో మ్రోగుతున్న సంగతి ఆకాశవాణి కేంద్రానికి ఎట్లు తెలియదో, మనం భీమిలి దారిలో ఉన్న సంగతి ఉపగ్రహానికీ అట్లే తెలియదు.

రహస్యం బయటపడేది వినడం చేత కాదు, చెప్పడం చేత. విన్న లెక్కను ఫోనులోని యాప్ కంపెనీకి పంపినప్పుడు, కంపెనీ దానిని పటం మీద గీసి పదిమందికి చూపినప్పుడు మన జాడ పరుల చేతికి పోతుంది. ఫోను తన టవరుతో మాట్లాడుతూ ఉంటుంది గనుక టెలిఫోను కంపెనీకి మన చోటు కొంత తెలిసే ఉంటుంది. అది వేరు సంగతి. సైకిలు గీత మాత్రం మనము పంపితేనే పోతుంది.

ఈ భేదం విశాఖవారికి కొత్త కాదు. 1971 యుద్ధంలో విక్రాంత్ అనే విమానవాహక నౌకను వెదకుతూ పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చినది. విక్రాంత్ అండమాను దీవుల చాటున ఉన్నది. విశాఖ దగ్గర మాత్రం రాజపుత్ అనే పాత ఓడ, తానే విక్రాంత్ అన్నట్లు వైర్లెస్ సందేశాలు పంపినది. డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి ఘాజీ విశాఖ రేవు ముంగిట మునిగిపోయినది. మునిగిన కారణం గురించి రెండు దేశాలు రెండు విధాలుగా చెప్పుతవి. కాని మౌనంగా ఉన్న ఓడ దాగినదనీ, మాట్లాడిన ఓడ వైపు శత్రువు చూపు మళ్లినదనీ నౌకాదళపు చరిత్ర చెప్పుతున్నది.

ఆ పాఠం ఫోను కాలంలో మళ్లీ నేర్వవలసివచ్చినది. సైకిలు తొక్కేవారూ, పరుగెత్తేవారూ వాడే స్ట్రావా అనే కంపెనీ, 2017 నవంబరులో నూరు కోట్లకు పైబడిన ప్రయాణాల గీతలను కలిపి ఒక ప్రపంచ పటం ప్రకటించినది. పేర్లు తీసివేసినాము గనుక ఎవరికీ హాని లేదని అనుకున్నారు. 2018 జనవరిలో ఒక ఆస్ట్రేలియా విద్యార్థి ఆ పటంలో ఒక వింత చూపినాడు. ఎడారుల నడుమ, ఊరు లేని చోట, గీతలు మెరుస్తున్నవి. సైనికులు తమ శిబిరాల చుట్టూ వ్యాయామం చేసిన జాడలవి. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు నిఘా విభాగం, సామాజిక మాధ్యమాల ద్వారా వలలో పడి ఓడల కదలికలు పరులకు తెలిపినారన్న అభియోగంపై ఏడుగురు నావికులను పట్టుకున్నది. ఆ ప్రయత్నానికి పెట్టుకున్న పేరు విశాఖ కొండదే, డాల్ఫిన్ నోస్. ఆ నెలాఖరుకు నౌకాదళం తన స్థావరాలలోనూ ఓడలలోనూ స్మార్ట్ ఫోనులను నిషేధించినది.

నౌకాదళానికి దాచుకొనవలసిన ఓడలున్నవి, మనకేమున్నదని సామాన్యుడు అనుకోవచ్చు. ప్రతివానికీ ఇల్లున్నది. రోజూ గీత మొదలయ్యే చోటూ, ముగిసే చోటూ ఒకటే అయితే అదే ఇల్లని పసిపిల్లవాడు కూడ చెప్పగలడు. ఇంట ఎవరూ లేని వేళ ఏదో, ఖరీదైన సైకిలు ఏ ఇంట ఉన్నదో, ఒంటరిగా పోయే స్త్రీ ఏ వేళ ఏ మలుపులో ఉంటుందో ఆ గీత చెప్పుతుంది.

ఇంటి చుట్టూ ఒక వలయం గీసి, ఆ లోపలి గీతను చెరిపివేసే ఏర్పాటు కొన్ని యాప్‌లలో ఉన్నది. మంచిదే. కాని ఎం.వి.పి. కాలనీలో ఉన్న ఒకరు సోమవారం భీమిలి వైపు, మంగళవారం సింహాచలం వైపు, బుధవారం గాజువాక వైపు పోయినారనుకొందాము. మూడు గీతలూ వలయపు అంచున తెగుతవి. మూడు బిందువులు దొరికితే వృత్తానికి కేంద్రం కనుక్కోవడం బడిలో నేర్చిన లెక్కే. ఆ కేంద్రమే ఇల్లు. అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2018లో ఈ లోపాన్ని నిరూపించినారు. వలయపు కేంద్రం సరిగా ఇంటి మీదనే ఉండకుండ పక్కకు జరపడం దీనికి ఒక విరుగుడు.

ఇదంతా విని ఫోనును సముద్రంలో పారవేయనక్కరలేదు. జాడ తెలియడం వల్ల మేలూ ఉన్నది. సైకిలు జారి ఘాటు రోడ్డు మీద పడినవానిని ఇంటివారు వెదకి పట్టుకొనగలుగుతారు. తల్లి తన బిడ్డ ఇంకా ఎంత దూరంలో ఉన్నదో చూచుకొని ఊరట పొందుతుంది. స్టూవర్టుపురపు హాజరుకూ ఈ తల్లి చూపుకూ భేదం ఒక్కటే. అక్కడ అడిగేవానిది అధికారం, చెప్పక తప్పదు. ఇక్కడ చెప్పేవానిది ఇష్టం, చెప్పడం మానుకోవచ్చు. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడ, తెలిసి ఇచ్చిన సమ్మతి కావలెననీ, ఇచ్చిన సమ్మతిని వెనుకకు తీసుకొనవచ్చుననీ చెప్పుతున్నది.

అయితే ఆ సమ్మతి నిజమైనది కావాలంటే మనము అడిగి తెలుసుకొనవలెను. నా గీతను చూచేవారు ఎవరు? అందరా, స్నేహితులా, నేనొక్కడినేనా? ఇప్పుడే చూస్తారా, నేను ఇల్లు చేరిన తరువాతనా? మొదలూ తుదీ కనబడతవా? యాప్ మొదట పెట్టుకున్నప్పుడు కంపెనీ తన అనుకూలం చొప్పున జవాబులు నింపి ఉంచవచ్చు. వాటిని తెరచి, మన ఇష్టం చొప్పున మార్చుకొనవలెను. లెక్క మాత్రమే కావలసినవారు గీతను తమ వద్దనే ఉంచుకొని, ఎవరికీ పంపకుండా ఉండవచ్చును. అప్పుడు వినడం ఉంటుంది, చెప్పడం ఉండదు.

సుబ్బారావుగారు కాపాడదలచినది దొంగ రహస్యాన్ని కాదు. దారిన పోయేవాడు వెనుదిరిగి చూడనక్కరలేని మనశ్శాంతిని. రేపు తెల్లవారి భీమిలి దారిన సైకిలు మీద బయలుదేరేవారు, చక్రంలో గాలి చూచుకొనేటప్పుడే ఈ ఒక్క సంగతి కూడ చూచుకొని బయలుదేరితే మంచిది.