ముంజకాయల బండి

మా చిన్ననాట వేసవి వచ్చినంతనే పిఠాపురము పరిసరముల తాటితోపులనుండి ముంజకాయలు దిగెడివి. పెద్దలు ముంజలను తిని కాయలను పారవైచెడివారు. మా పని అప్పుడు మొదలయ్యెడిది. సరిజోడు కాయలు రెండేరి, వాని నడుమ ఒక పుల్ల గ్రుచ్చి, ఆ పుల్లను పంగలకఱ్ఱతో త్రోయుచు వీథి వెంట పరుగెత్తెడివారము. అదియే ముంజకాయల బండి.

రాజుల చరిత్రకు శాసనములు కలవు. పిఠాపురమునకు చేరువనున్న కొడవలిలో శాతవాహన రాజైన చండసాతి శాసనము దొరకినది. మన బండికి శాసనము లేదు. కొలది దినములలోనే కాయ వాడి ఎండిపోవును. అయినను దీని వంశము మిగుల ప్రాచీనము. సింధునదీ లోయ నగరముల త్రవ్వకములలో నాలుగువేల యేండ్లకంటె ప్రాతవైన మట్టి ఆటబండ్లును, పిట్ట ఆకారపు ఈలలును బయల్పడినవి. శూద్రకుని మృచ్ఛకటికమునకు ఆ పేరు వచ్చినది చారుదత్తుని కుమారుని మట్టిబండి వలననే. పొరుగింటి బాలుని బంగారుబండి వంటిది కావలెనని ఆ పసివాడు ఏడ్చెను. వసంతసేన తన నగలతో ఆ మట్టిబండిని నింపెను.

వెల లేకపోవుట మట్టిబండికి లోపమా, గుణమా? ఈ ప్రశ్న మన విద్యాచరిత్రలోను తలయెత్తినది. 1937 అక్టోబరులో గాంధీజీ అధ్యక్షతన వార్ధాలో జరిగిన విద్యామహాసభ, చదువు ఒక చేతిపనిని ఆశ్రయించి సాగవలెనని తీర్మానించెను. గొప్ప మాటయే. కాని ఆ పని రాబడి క్రమముగా ఉపాధ్యాయుల జీతమునకు సరిపోవునను ఆశయు అందు చేరినది. ఇది పిల్లలచే కూలి చేయించుట కాదా యని విమర్శకులు శంకించిరి.

ముంజకాయల బండిలో రాబడి లేదు, నేర్పు కలదు. పుల్ల సరిగా నడిమికి పడకున్న చక్రము ఎగుడుదిగుడుగా దొర్లును. మరీ బిగిసినచో తిరుగనే తిరుగదు. తాటాకు గాలిమరకు తుమ్మముల్లు గ్రుచ్చునప్పుడును ఇదియే లెక్క. రెండు అగ్గిపెట్టెలకు దారము కట్టి మాటలాడుకొను పిల్లలకు, దారము బిగువుగా నున్నప్పుడే ధ్వని పోవుననియు, నడుమ ఎవరైన వ్రేళ్లతో పట్టినచో ఆగిపోవుననియు ఎవ్వరును చెప్పనక్కరలేదు.

1972లో మధ్యప్రదేశమున ఆరంభమైన హోషంగాబాదు విజ్ఞానబోధన కార్యక్రమము ఇట్టి సులభ సామగ్రిని బడిలోనికి తెచ్చినది. అందు కొంతకాలము పనిచేసిన అరవింద్ గుప్తా, సైకిలు వాల్వుట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలను కలిపి రేఖాగణిత రూపములను పిల్లల చేతికిచ్చెను. 2018లో ఆయనకు పద్మశ్రీ ప్రకటింపబడినది.

పిఠాపురపు మహారాజు రావు వేంకటకుమార మహీపతి సూర్యారావుగారి పోషణమున తయారైన సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటము 1936లో వెలువడినది. భాషకు అది మహోపకారము. అయితే నిఘంటువు మాటను కాపాడగలదు గాని, పుల్లను ఎంత బిగువున గ్రుచ్చవలెనో చెప్పజాలదు. ఆ విద్య అన్న చేతినుండి తమ్ముని చేతికి పోవలసినదే. ఒక్క తరము చేతులు ముడుచుకొన్నచో మాట మిగులును, బండి మిగులదు.

కనుక వచ్చు వేసవిలో ముంజలు తిన్న పిదప కాయలను పారవేయవలదు. రెండింటిని పిల్లల ముందుంచి మనము ప్రక్కన కూర్చుందము. పుల్లను వంకరగా గ్రుచ్చినను తొందరపడి సరిదిద్దవలదు. తప్పెక్కడ నున్నదో బండియే వారికి చెప్పును.