చిట్టీత గంజి, కంపెనీ తోట

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇమ్మని మన కార్యదర్శి గారు అడిగారు. డీఏ బకాయిల గురించి, ఆరోగ్య సూత్రాల గురించి రాసేవారు మనలో చాలామంది ఉన్నారు కనుక, నేను కలకత్తాలోని ఒక తోట గురించి రాస్తానన్నాను. ఆయన నవ్వి, "బెంగాలీల తోటలో మనవాళ్లకు ఏముందండీ?" అన్నారు. ఆ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబే ఈ వ్యాసం.

ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం గార్డెన్‌రీచ్‌లో, హుగ్లీ నది ఒడ్డున ఉన్న సంగతి అక్కడ పనిచేసిన సభ్యులకు తెలిసిందే. అక్కడినుంచి నది అవతలి ఒడ్డుకు చూస్తే పొడుగునా పచ్చటి గోడలాగా చెట్లు కనిపిస్తాయి. అదే హౌరా వైపు శిబ్‌పూర్‌లో ఉన్న వృక్షశాస్త్ర ఉద్యానవనం. పాతకాలం వాళ్లు దాన్ని ఇప్పటికీ 'కంపెనీ బగాన్' అంటారు. 2009 నుంచి దాని పేరు ఆచార్య జగదీశ్ చంద్రబోస్ భారతీయ వృక్షోద్యానం. నేను అక్కడ పనిచేసిన పదకొండేళ్లలో ఎన్ని ఆదివారాలు ఆ తోటలో గడిపానో లెక్కలేదు.

మొదట్లో అందరిలాగే మహావటవృక్షం చూడడానికి వెళ్లాను. ఆ మర్రిచెట్టు వయసు 250 ఏళ్ల పైమాటే. నాలుగెకరాలకు మించి పరుచుకుని, 3,500కు పైగా ఊడలతో నిలబడి ఉంది. చిత్రమేమిటంటే దాని తల్లి మాను ఇప్పుడు లేదు. తుపాను దెబ్బలకు గాయపడి, ఆపై బూజు తెగులు సోకి కుళ్లిపోతే 1925లో దాన్ని తొలగించారు. ఊడలే మానులై చెట్టును నిలబెట్టాయి. మా పెద్దవాడు చిన్నతనంలో "మొదటి చెట్టు ఏది నాన్నా?" అని అడిగితే, మధ్యలో ఉన్న ఖాళీ చోటు చూపించాను.

అయితే నన్ను ఆ తోటకు కట్టిపడేసింది మర్రిచెట్టు కాదు, చెట్లకు తగిలించిన రేకు పలకలు. వాటి మీద లాటిన్ పేర్లు ఉంటాయి. ఏగిస, జిట్రేగి, తెల్లమద్ది లాంటి మనకు తెలిసిన చెట్లు కనిపించినప్పుడల్లా ఆ పేరు చివర 'రాక్స్‌బ్.' అని పొట్టిగా ఒక మాట. అది ఏదో మందు పేరేమో, పురుగు పట్టకుండా చల్లారేమో అనుకున్నాను. ఒకరోజు అక్కడి ఉద్యోగి ఒకాయన నా అజ్ఞానానికి జాలిపడి, "అది మనిషి పేరండీ, ఆ చెట్టుకు శాస్త్రీయంగా పేరు పెట్టినవాడు. ఆయన మీ ప్రాంతం నుంచే ఇక్కడికి వచ్చాడు" అన్నాడు. మాది పెద్దాపురం దగ్గర పల్లె. ఆయన చెప్పిన ఊరు సామర్లకోట!

అక్కడినుంచి నాకు ఆ మనిషి మీద ఆసక్తి కలిగింది. విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులో పుట్టాడు. ఎడింబరోలో వైద్యమూ, దానితోపాటు వృక్షశాస్త్రమూ చదివి, 1776లో మద్రాసులో కంపెనీ వైద్య కొలువులో చేరాడు. 1781లో సామర్లకోటకు వచ్చాడు. అక్కడ పన్నెండేళ్లు ఉన్నాడు. కంపెనీకి లాభం తెచ్చే పంటల కోసం మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, మల్బరీ వంటివి పెంచి చూశాడు. గాలి ఒత్తిడి, ఎండ, వాన రోజూ కొలిచి రాసుకున్నాడు. లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్ అనే వృక్షశాస్త్రవేత్త ఆయనకు స్నేహితుడు. ఆ కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. మరో కష్టం కూడా వచ్చింది. గోదావరి తీరంలో వచ్చిన ఉప్పెనలో రాక్స్‌బర్గ్ తన పుస్తకాలు, అప్పటిదాకా సేకరించిన మొక్కల నమూనాలు పోగొట్టుకున్నాడు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కలకత్తాలో తోట పుట్టింది. దాని వెనక ఒక కరువు ఉంది. 1770 నాటి బెంగాల్ కరువులో మూడోవంతు జనం చనిపోయారని అప్పటి కంపెనీ అధికారుల అంచనా. ఆ కరువు సంగతి తెలిసిన రాబర్ట్ కిడ్ అనే సైనికాధికారి 1786లో ప్రభుత్వానికి ఒక లేఖ రాశాడు. వరి పోయినప్పుడు జనం ప్రాణం నిలిపే చెట్లు కావాలనీ, మలయా వైపు నుంచి సగ్గుబియ్యం ఇచ్చే తాటిజాతి చెట్లు, పర్షియా నుంచి ఖర్జూరం తెప్పించి పెంచాలనీ కోరాడు. తర్వాత దానికొక తోట కావాలన్నాడు. 1787లో తోటకు అనుమతి వచ్చింది. అయితే కంపెనీ వారికి కరువు ఒక్కటే లెక్క కాదు. ఓడల తయారీకి టేకు, డచ్చివారితో పోటీకి సుగంధ ద్రవ్యాలు కావాలి. తీరా చూస్తే జాజికాయ, లవంగం కలకత్తా వాతావరణంలో బతకలేదు. టేకు కూడా ఆ నేలలో ఆశించినట్టు పెరగలేదు.

1793లో కిడ్ మరణించాడు. ఆ స్థానంలోకి సామర్లకోట నుంచి రాక్స్‌బర్గ్‌ను పంపారు.

ఇక్కడ కార్యదర్శి గారి ప్రశ్నకు అసలు జవాబు వస్తుంది. కలకత్తాలో మలయా సగ్గుబియ్యం కోసం ఉత్తరాలు నడుస్తున్న కాలంలోనే మన ఉత్తర సర్కారు జిల్లాల్లోనూ పెద్ద కరువు వచ్చింది. 1789 నుంచి 1792 దాకా వానలు ముఖం చాటేశాయి. రాక్స్‌బర్గ్ ఆ కరువును కళ్లారా చూశాడు. ఆయన రాసిన 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే గ్రంథం మొదటి సంపుటంలో ఒక చిన్న ఈతజాతి మొక్క ఉంది. మనం చిట్టీత అంటాం. సముద్రానికి కాస్త ఎడంగా, కోరంగి చుట్టుపక్కల ఇసుక నేలల్లో పొదలుగా పెరుగుతుంది. దాని మొద్దు జానెడు, రెండు జానల పొడుగుంటుంది. దాన్ని చీల్చి, ఎండబెట్టి, రోట్లో దంచి, పీచు వేరుచేసి జల్లిస్తే తెల్లటి పిండి వస్తుంది. ఆ పిండిని చిక్కటి గంజిగా కాచుకుని తాగి ఆ కరువులో ఎంతోమంది పేదలు ప్రాణాలు నిలుపుకున్నారని ఆయన రాశాడు. రుచిలోనూ బలంలోనూ అది మామూలు సగ్గుబియ్యానికి తక్కువేనని కూడా దాచకుండా రాశాడు. ఆ మొక్కకు ఆయన పెట్టిన లాటిన్ పేరు 'ఫీనిక్స్ ఫారినిఫెరా'. పిండినిచ్చే ఈత అని దానర్థం. తర్వాతి శాస్త్రవేత్తలు దాన్ని అంతకుముందే 'ఫీనిక్స్ పుసిల్లా' అని పేరుపెట్టిన మొక్కతో కలిపేశారు. పేరు మారినా గంజి సంగతి పుస్తకంలో నిలిచిపోయింది.

అంటే పెద్ద దొరలు సముద్రాలవతల వెతుకుతున్న కరువు తిండి మన ఇసుక దిబ్బల మీదే ఉంది. అది మన పేదింటి ఆడవాళ్లకు తెలుసు. రాక్స్‌బర్గ్ గొప్పతనమల్లా వాళ్లను అడగడంలో ఉంది, విన్నది రాసిపెట్టుకోవడంలో ఉంది. ఆయన పుస్తకాల్లో మొక్క మొక్కకూ 'తెలింగ' పేరు ఉంటుంది. జ్వరానికి కషాయం కాచే సోమిద చెక్కను సింకోనాకు బదులుగా వాడవచ్చని ఆయన ప్రచారం చేశాడు. తర్వాత శాస్త్రవేత్తలు ఆ చెట్టు ప్రజాతికే 'సోయ్‌మిడా' అని పేరు ఖాయం చేశారు. అది మన తెలుగు మాటే! అంకుడు ఆకుల నుంచి నీలిమందు తీయవచ్చని చేసి చూపించాడు. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసేది ఆ అంకుడు కర్రతోనే.

కలకత్తా వెళ్లాక కూడా ఆయన ఈ అలవాటు మానలేదు. తోటను పెంచాడు, ఎండు మొక్కల భాండాగారానికి పునాది వేశాడు. స్థానిక చిత్రకారుల చేత 2,500కు పైగా మొక్కల బొమ్మలు నిలువెత్తు వివరంతో వేయించాడు. ఆ బొమ్మల ప్రతులు ఒక వరుస శిబ్‌పూర్‌లో, ఒక వరుస లండన్ క్యూ తోటలో భద్రంగా ఉన్నాయి. 1814లో విలియం కేరీ శ్రీరాంపూర్‌లో అచ్చువేయించిన 'హోర్టస్ బెంగాలెన్సిస్' అనే పట్టికలో తోటలోని మొక్కలు దాదాపు 3,500 రకాలు. రాక్స్‌బర్గ్ 1813లో ఆరోగ్యం చెడి ఇంటిముఖం పట్టాడు, 1815లో ఎడింబరోలో చనిపోయాడు. నదీతీరాన ఆయన కట్టించుకున్న ఇల్లు ఆ తోటలో ఇప్పటికీ ఉంది.

ఆయన పేరు వేలాది రేకు పలకల మీద ఉంది. బొమ్మలు గీసినవారి పేర్లు మాత్రం 'కోరమాండల్' గ్రంథంలో అచ్చయిన 300 బొమ్మల కిందా లేవు. చిట్టీత దంచడం చూపించిన మనిషి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ పడకపోతే ఎంత కాలం చాకిరీ చేసినా లెక్కలోకి రాదని మనకు తెలుసు కదా! వాళ్ల సర్వీసుకు ఎంట్రీ పడలేదు.

ఆ తర్వాత తోట ఎన్నో దెబ్బలు తింది. 1864 అక్టోబరు 5న వచ్చిన తుపాను చెట్లను నేలకూల్చింది. 1867లో మరొకటి వచ్చింది. 1871లో బాధ్యత తీసుకున్న జార్జి కింగ్ చెరువులు తవ్వించి, బాటలు వేయించి, తోటను మళ్లీ నిలబెట్టాడు. ఈనాడు మనం చూసే రూపం చాలావరకు ఆయనదే. 1890లో భారత వృక్షశాస్త్ర సర్వే ఏర్పడినప్పుడు దానికి తొలి డైరెక్టరు కూడా ఆయనే. 1963 నుంచి తోట ఆ సర్వే నిర్వహణలోనే ఉంది. 2020 మే నెలలో ఆంఫన్ తుపాను వచ్చినప్పుడు వందల చెట్లు కూలాయి. మర్రి కూడా కొంత దెబ్బతింది. టీవీలో ఆ దృశ్యాలు చూస్తూ మా ఆవిడా నేనూ ఆ పూట మాట్లాడుకోలేకపోయాం.

ఇప్పుడు ఆ తోట విస్తీర్ణం 273 ఎకరాలు. 1795లో వెస్టిండీస్ నుంచి మహాగని మన దేశానికి వచ్చింది ఆ తోటకే. జంట కొబ్బరి అనే సీషెల్స్ దీవుల చెట్టును 1894లో అక్కడ నాటారు. ఒకే చెట్టుకు ఏ రెండు ఆకులూ ఒక్కలాగా ఉండని 'పిచ్చి చెట్టు' ఉంది. పిల్లలు దాని కింద ఆకులేరుకుని పోల్చి చూసుకోవడం నాకు ఇష్టమైన దృశ్యం.

తోట వల్ల కరువులు ఆగాయా అంటే ఆగలేదు. 1943లో అదే బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో చనిపోయారు. యుద్ధం, ధరలు, పాలకుల నిర్లక్ష్యం తెచ్చిన కరువుకు ఏ తోటా మందు కాలేదు. కానీ ఏ మొక్క ఎక్కడ పెరుగుతుంది, దేనికి పనికొస్తుంది, జనం దాన్ని ఏమని పిలుస్తారు అన్న లెక్క మిగిలి ఉండడం చిన్న సంగతి కాదు.

ఈ మాట ఎందుకంటున్నానంటే, మా అమ్మమ్మగారి ఊరు కోరంగి దగ్గర. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అక్కడ చిట్టీత పళ్లు కోసుకు తినేవాళ్లం. నల్లగా నిగనిగలాడేవి. పోయిన సంక్రాంతికి మా మనవరాలికి ఆ మొక్క చూపిద్దామని ఆ ఊరు తీసుకెళ్లాను. మేము ఆడుకున్న దిబ్బల మీద ఇళ్లు లేచాయి. ఊరంతా తిరిగితే రోడ్డు పక్కన ఒక్క పొద కనిపించింది. అక్కడ కూర్చున్న పెద్దావిడను "దీన్ని ఏమంటారమ్మా?" అని అడిగితే, "చిట్టీత కదు బాబూ" అంది. దాని మొద్దు దంచి గంజి కాచేవారట కదా అన్నాను. ఆవిడ వింతగా చూసి, "ఎవరు చెప్పేరు బాబూ? మేమెప్పుడూ వినలేదు" అంది.

ఎవరు చెప్పారని చెప్పను? ఆ ఊరి ఆడవాళ్లు 230 ఏళ్ల కిందట ఒక దొరకు చెప్పారు. దొర లండన్‌లో అచ్చువేయించాడు. నేను కలకత్తాలో తెలుసుకుని మళ్లీ ఆ ఊరికి మోసుకొచ్చాను.

సభ్యులకు నా మనవి ఒక్కటే. మనకు తెలిసిన చెట్ల పేర్లు, వాటిని మన పెద్దలు దేనికి వాడేవారో, ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. పది పేర్లయినా చాలు. నేను మొదలుపెట్టాను. మొదటి పేజీలో చిట్టీత రాసి, కింద మా మనవరాలి చేత బొమ్మ వేయించాను. బొమ్మ కింద దాని పేరు కూడా రాయించాను.