అమ్మకి చెప్పని మాట

అమ్మ నాకు చెప్పడానికి ఎనిమిది నెలలు పట్టింది. ముట్లుడిగిన ఇరవై ఏళ్లకి మళ్లీ ఎర్రబట్ట కనిపిస్తోందని డెబ్భై నాలుగేళ్ల మనిషి ఎవరితో చెప్పుకుంటుంది? పాత చీరలు చింపి వాడుకుంది. వాటిని తనే ఉతికి పెరట్లో తీగమీద వేసి, పైన లంగా కప్పి ఆరేసుకుంది. పదమూడేళ్లప్పుడు వాళ్లమ్మ నేర్పిన పద్ధతి అది. 2015 వేసవిలో నేను ఊరెళ్లినప్పుడు గాలికి ఆ లంగా పక్కకి జరిగింది కాబట్టి తెలిసింది గానీ, లేకపోతే ఇంకెన్నాళ్లు దాచేదో.

స్త్రీల ఆరోగ్యం గురించి సభల్లో మాట్లాడినదాన్ని నేను. 'సవాలక్ష సందేహాలు' పుస్తకం పాతికేళ్లుగా నా బీరువాలో ఉంది. కొలీగ్స్‌కి, స్టూడెంట్స్‌కి ఇచ్చాను. అమ్మకి ఇవ్వాలని ఒక్కసారి కూడా తోచలేదు.

గర్భాశయ ముఖద్వారం దగ్గర క్యాన్సర్ అన్నారు. రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు తలుపు తీసి "అబ్బాయి ఒక్కరూ లోపలికి రండి" అన్నాడు. అన్నయ్య వెళ్లాడు. అమ్మా నేనూ బయట బెంచీ మీద కూర్చున్నాం. జబ్బు ఆమెది, ఆ జబ్బు సంగతి మాత్రం ముందు కొడుక్కి తెలిసింది. ఆ సాయంత్రం అన్నయ్య, వదిన, నేను కలిసి అమ్మకి చెప్పొద్దని తేల్చేశాం. "గర్భసంచిలో పుండు, కరెంటు పెడితే మానుతుంది" అన్నాం. ఆ తీర్మానంలో నేనూ ఉన్నాను. అందుకే ఈ వ్యాసం.

'కరెంటు పెట్టడం' అనే మాట గురించి కొంచెం చెప్పాలి. రేడియేషన్‌ని మన ఆసుపత్రుల వరండాల్లో అందరూ అలాగే అంటారు. అది కరెంటు కాదు. క్యూరీలు 1898లో కనుక్కున్న రేడియం నుంచి మొదలైన వైద్యం అది. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్‌కి ఇరవయ్యో శతాబ్దపు మొదటి దశకాల నుంచే వాడుతున్నారు. 1950ల్లో కోబాల్ట్ యంత్రాలొచ్చాయి. అయినా 'కరెంటు' అన్న మాటలో ఒక సౌకర్యం ఉంది. అందులో జబ్బు పేరు లేదు. రాచపుండు అన్న పాత మాటలో ఉన్న భయమూ లేదు. అమ్మ ఐదు వారాలపాటు కరెంటు పెట్టించుకుంది. తర్వాత మూడుసార్లు లోపల పెట్టారు. ఆ మూడు రోజుల గురించి అమ్మ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

రోగికి చెప్పకపోవడం మన సంస్కృతి అనీ, చెప్పడం పాశ్చాత్యుల పద్ధతి అనీ చాలామంది అంటారు. అన్నయ్య కూడా అదే అన్నాడు. నేనూ నమ్మాను. ఆసుపత్రి రాత్రుల్లో చదువుకున్న చరిత్ర మరోలా ఉంది. 1961లో షికాగోలో ఒక ఆసుపత్రి డాక్టర్లని అడిగితే, క్యాన్సర్ అని రోగికి చెప్పకపోవడమే తమ పద్ధతి అని నూటికి తొంభై మంది అన్నారు. 1979లో మళ్లీ అమెరికాలోనే డాక్టర్లని అడిగితే 97 శాతం చెప్తామన్నారు. పద్ధెనిమిదేళ్లలో సంస్కృతి తిరగబడదు కదా. మారింది వేరే. మందులు మెరుగయ్యాయి, అనుమతి లేకుండా వైద్యం చెయ్యకూడదన్న చట్టాలు గట్టిపడ్డాయి, వీటితోపాటు ఆడవాళ్లు అడగడం మొదలుపెట్టారు. అప్పటిదాకా అక్కడ రొమ్ములో గడ్డ ఉందని వెళ్లిన ఆడమనిషికి మత్తిచ్చి, గడ్డ పరీక్ష చేసి, క్యాన్సరైతే ఆ మత్తులోనే రొమ్ము తీసేసేవాళ్లు. మెలకువ వచ్చాక ఒంటిమీద చెయ్యి వేసుకుని చూసుకుంటేనే సంగతి తెలిసేది. 1974లో రోజ్ కుష్నర్ అనే జర్నలిస్టు ఆ పద్ధతికి ఒప్పుకోలేదు. ముందు పరీక్ష చేసి చెప్పండి, ఏం చెయ్యాలో తర్వాత చూద్దాం అని పట్టుబట్టి, ఆ తర్వాత పుస్తకం రాసింది. ఆడ్రి లార్డ్ 1980లో 'ది క్యాన్సర్ జర్నల్స్' తెచ్చింది. తీసేసిన రొమ్ము స్థానంలో దూది పెట్టుకుని ఏమీ జరగనట్టు తిరగనని అందులో రాసింది.

అమ్మ జబ్బు చరిత్రలోనే హెన్రియెటా లాక్స్ ఉంది. బాల్టిమోర్‌లో 1951లో ఇదే క్యాన్సర్‌తో, ఇదే రేడియం వైద్యం పొంది, ముప్ఫై ఒకటో ఏట చనిపోయిన నల్లజాతి స్త్రీ. ఆమెని అడక్కుండా తీసుకున్న కణాలు ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెరిగాయి. ఇంటివాళ్లకి ఆ సంగతి ఇరవై ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

కూతుళ్ల సంగతికొస్తే, నాకు ఎక్కువ తోడున్నది సిమోన్ ద బోవా. 1963 అక్టోబరులో ఆమె తల్లి బాత్రూంలో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఆసుపత్రిలో చూస్తే పేగులో క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ చేశారు. తల్లికి మాత్రం పెరిటోనైటిస్ అన్నారు. చనిపోయేదాకా ఆమెకి నిజం చెప్పలేదు. అక్కచెల్లెళ్లిద్దరూ వంతులేసుకుని రాత్రులు కూర్చున్నారు. మరుసటేడు దాని గురించి ఒక చిన్న పుస్తకం రాసింది. 'సెకండ్ సెక్స్' రాసిన మనిషి, ఎవరి బతుకు వాళ్లే ఎంచుకోవాలని జీవితమంతా వాదించిన మనిషి, సొంత తల్లి దగ్గర డాక్టర్ల అబద్ధానికి వంత పాడానని దాపరికం లేకుండా ఒప్పుకుంది. ఆ పుస్తకం చదువుతుంటే నాకు ఓదార్పు దొరకలేదు. ఆవిడే తప్పించుకోలేకపోయింది, నేనెంత అని ఒక సాకు మాత్రం దొరికింది. ఆ సాకు ఎక్కువ రోజులు పనిచెయ్యలేదు.

మన వైపు చూస్తే ముత్తులక్ష్మీ రెడ్డి కనిపిస్తుంది. దేవదాసీ వ్యవస్థ రద్దుకోసం ఆమె చేసిన పోరాటం మనందరికీ తెలుసు. 1923లో క్యాన్సర్‌తో పోయిన చెల్లెలి పక్కన ఆమె ఒక డాక్టరుగా నిస్సహాయంగా నిలబడిన సంగతి అంతగా తలుచుకోం. 1925లో లండన్ వెళ్లి ఆ జబ్బు గురించి చదువుకుంది. ఆ తర్వాత దాదాపు ముప్ఫై ఏళ్లు అడిగి, తిరిగి, చందాలు పోగుచేస్తే 1954లో మద్రాసు అడయారులో పన్నెండు మంచాలతో క్యాన్సర్ ఆసుపత్రి తెరిచారు. మరుసటేడు అక్కడ చేరిన డాక్టర్ శాంత 2021లో చనిపోయేదాకా అదే ఆవరణలో బతికింది. ఆ ఆసుపత్రి చరిత్రని యంత్రాల చరిత్రగా, పెద్దవాళ్ల శంకుస్థాపనల చరిత్రగా రాయొచ్చు. మంచం పక్కన కూర్చున్న ఒక అక్క కథగా కూడా రాయొచ్చని నా ఉద్దేశం. మంచం పక్కన కూర్చున్నవాళ్లకి ఆసుపత్రి రికార్డుల్లో పేరుండదు. నన్ను రెండేళ్లు 'పేషెంటు అటెండెంటు' అనే పిలిచారు.

అటెండెంటు చేసే ముఖ్యమైన పని సంతకం. అమ్మ తరఫున ప్రతి కాగితం మీదా అన్నయ్యో నేనో సంతకం పెట్టాం. అమ్మకి చదవడం రాయడం వచ్చు, వారపత్రికలు అక్షరం వదలకుండా చదివేది. అయినా ఎవరూ ఆమెకి కలం ఇవ్వలేదు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పొకటి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఢిల్లీలో 1995లో పరీక్షకోసం మత్తులో ఉన్న నలభై నాలుగేళ్ల స్త్రీకి, బయట కూర్చున్న తల్లి చేత సరేననిపించుకుని గర్భసంచీ, అండాశయాలూ తీసేశారు. ఈడొచ్చిన, తెలివిలో ఉండి చెప్పగలిగిన మనిషి శరీరానికి ఆమె అనుమతే అనుమతి, తల్లిది చెల్లదని కోర్టు చెప్పింది. కూతురి శరీరానికి తల్లి సంతకం చెల్లకపోతే, తల్లి శరీరానికి మా సంతకం ఎలా చెల్లింది?

2017లో జబ్బు తిరగబెట్టింది. ఈసారి నడుములోకి, కాళ్లలోకి నొప్పి. రాత్రంతా మూలుగుతూ, తెల్లారాక "నిద్ర పట్టిందిలే" అనేది. మార్ఫిన్ బిళ్లలకోసం తిరిగాను. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక లైసెన్సుల గొడవకి భయపడి మందుల షాపులూ ఆసుపత్రులూ మార్ఫిన్ పెట్టడమే మానేశాయి. 2014లో చట్టం సవరించినా అడిగినచోటల్లా లేదనేవారు. నిజానికి అది చవక మందు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా వేళకి ఇవ్వాలని, 1967లో లండన్‌లో హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్ ఎప్పుడో చూపించింది. చివరికి దొరికింది. మొదటి బిళ్ల ఇస్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఇది క్యాన్సరోళ్లకిచ్చేదేగా?"

నేను మాట్లాడలేదు.

"గేటుమీద అంతంత అక్షరాలతో తెలుగులో రాసుంటే నాకు చదవడం రాదనుకున్నారంటే? మొదటిరోజే చదివాను. మీరు చెప్పలేక అవస్థ పడుతున్నారని ఊరుకున్నా."

రెండేళ్లు. మేం దాచామనుకున్నాం. ఆమె దాచింది, ఆ ఎనిమిది నెలలు గుడ్డలు దాచినట్టే. ఆ రెండేళ్లలో ఆమె ఎవరితో భయపడింది, ఎవరి ముందు ఏడ్చింది? మా ముందు మాత్రం కాదు. ఆ అవకాశం మేం ఇవ్వలేదు.

ఆ తర్వాతి నాలుగు నెలలు వేరు. అడగడం మొదలుపెట్టింది. నీళ్ల విరోచనాలు ఎందుకవుతున్నాయి, ఈ మందు ఎక్కిస్తే ఎన్నాళ్లు, ఎక్కించకపోతే ఎన్నాళ్లు. నాకు తెలియనివి డాక్టర్ని అడిగించింది. నన్ను తిట్టింది కూడా, చిన్నప్పటి తిట్లతో. మళ్లీ కీమో అన్నప్పుడు వద్దంది. అన్నయ్య ఒప్పుకోలేదు. వరండాలో నిలబడి మేమిద్దరం చాలాసేపు పోట్లాడుకున్నాం. లోపల్నించి అమ్మ నర్సుని కాగితం అడిగింది. వద్దనడానికి ఫారం ఏదీ లేదని నర్సు అంటే, తెల్లకాగితం చాలంది.

"నాకిక మందు ఎక్కించవద్దు. నొప్పి బిళ్లలు ఇవ్వండి. ఇంటికి వెళ్తాను" అని రాసి, కింద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాసింది. చేతికి సూది ఉండటం వల్ల అక్షరాలు కొంచెం వాలాయి. ఇంగ్లీషులో రాసివ్వాలని డ్యూటీ డాక్టరు అన్నాడు. నేను తర్జుమా చేసి ఇంకో కాగితం ఇచ్చాను గానీ, అమ్మ కాగితం తీసేయనివ్వలేదు. అదీ ఫైల్లోనే ఉంది, ఇంగ్లీషు రిపోర్టుల మధ్య.