ఎకో, రివర్బరేషన్

గోడకో కొండకో తగిలి వెనక్కి వచ్చిన శబ్దం మొదటి శబ్దం నుంచి విడిగా వినిపిస్తే అది ఎకో. తిరిగొచ్చిన శబ్దాలు ఒకదాని మీద ఒకటి పడి, అసలు శబ్దం ఆగాక కూడా మోత సాగుతూ ఉంటే అది రివర్బరేషన్. మొదటిది ప్రతిధ్వని, రెండోది ప్రతినాదం. వాడుకలో మాత్రం రెండూ ఎకోనే.

రెంటినీ వేరు చేసేది కాలం. చెవి రెండు శబ్దాలను విడిగా పట్టుకోవాలంటే నడుమ సుమారు 0.1 సెకను ఎడం ఉండాలి. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు సాగుతుంది. కాబట్టి, వెళ్ళి రావడం లెక్కేస్తే, అడ్డుగోడ 17 మీటర్లకు తక్కువ కాని దూరంలో ఉండాలి.

ఎకో గ్రీకు పురాణాల్లోని ఒక వనదేవత పేరు. రివర్బరేషన్‌కు లాటిన్ మూలంలో అర్థం కొట్టి వెనక్కి పంపడం. లోహాలు కరిగించే రివర్బరేటరీ కొలిమి పేరులోనూ ఉన్నది అదే. అక్కడ తిరిగొచ్చేది వేడి.

ప్రతినాదాన్ని లెక్కలోకి తెచ్చినవాడు హార్వర్డ్ భౌతికశాస్త్రవేత్త వాలెస్ సబైన్. అక్కడి ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో పలికిన మాట అయిదున్నర సెకన్లు మోగేది. దాన్ని బాగుచేసే పని 1895లో ఆయన మీద పడింది. ఒక థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు తెచ్చి పరిచి, రాత్రివేళల్లో ఆర్గన్ గొట్టం మోగించి, మోత ఎంతసేపటికి అణిగేదో కొలిచాడు. గది ఘనపరిమాణం పెరిగితే మోత సాగుతుంది, శబ్దాన్ని పీల్చే తలం పెరిగితే తగ్గుతుంది అని తేలింది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఈ సూత్రంతోనే కట్టింది.

మెదక్ జిల్లా ఎల్దుర్తి వైపు వారికి దగ్గరి ఉదాహరణ మెదక్ చర్చి. మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ పూనికతో 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. వెడల్పు 100 అడుగులు, పొడవు 200. లోకప్పుకు స్పాంజిలాంటి పదార్థం వాడి ఎకో రాకుండా చేశారని చెబుతారు. లెక్క అంత సూటిగా లేదు. నడిమధ్య నిలబడి మాట్లాడితే పక్కగోడకు తగిలిన శబ్దం 0.09 సెకనులో తిరిగొస్తుంది, అది ఎకోకు చాలదు. ఒక కొస నుంచి ఎదుటి కొసకు వెళ్ళి రావడానికి 0.36 సెకను పడుతుంది, అక్కడైతే ఎకోకు చోటుంది. కప్పును మెత్తబరిస్తే ముందుగా తగ్గేది ప్రతినాదమే. వేలమంది కూర్చున్న ఆరాధనలో వాళ్ళ ఒళ్ళూ బట్టలూ కూడా శబ్దాన్ని పీల్చుకుంటాయి.

గోల్కొండ కోట సంగతి వేరు. ప్రవేశద్వారం దగ్గరి కమాను కింద కొట్టిన చప్పట్లు కొండమీది బాలాహిసార్‌లో వినబడటాన్నీ ఎకో అనే అంటారు. పైనున్నవాడు వినేది ఒక్క శబ్దమే, అదీ తాను చేసింది కాదు. కమాను కూడగట్టి పైకి పంపిన శబ్దం అది. రెండు మాటల్లో ఏదీ దానికి సరిగా అతకదు.