సాక్ష్యం కోసం రాసిన ఫైళ్లు

ఇంజను లేని విమానం ఫలానా చోటిదాకా వెళ్లొచ్చిందంటే నమ్మేదెలా? జీపీఎస్ రాకముందు గ్లైడర్ పోటీల్లో ఆ రుజువు పెద్ద తతంగం. మసి పట్టించిన రేకును డ్రమ్ముకు చుట్టి, సీలు వేసి విమానంలో పెట్టేవారు. డ్రమ్ము మెల్లగా తిరుగుతుంటే సూది దాని మీద ఎత్తును గీసేది. మలుపు గుర్తుల దగ్గర పైలట్ పైనుంచి ఫొటో తీయాలి. దిగాక ఫిల్ము కడిగితేగాని ఎవరు గెలిచారో తేలేది కాదు.

1990ల మధ్యలో అంతర్జాతీయ గ్లైడింగ్ కమిషన్ జీపీఎస్ రికార్డర్లను ఒప్పుకుంది. వాటికి ఐజీసీ అనే ఫైలు పద్ధతీ ఖాయమైంది. చూడ్డానికి చప్పని సరుకే. వరసకో సమయం, అక్షాంశం, రేఖాంశం, రెండు ఎత్తులు: ఒకటి గాలి పీడనాన్ని బట్టి, రెండోది ఉపగ్రహాలను బట్టి. ఎవరూ దిద్దకుండా చివర డిజిటల్ ముద్ర. 2000 మేలో అమెరికా జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపే తప్పును ఆపేశాక, చేతిలో పట్టే చిన్న పరికరాలూ నమ్మదగ్గ జాడలు రాశాయి. ఆన్‌లైన్ పోటీలూ వచ్చాయి. పాయింట్ల ఆశతో పైలట్లే తమ ఫైళ్లను తెచ్చి కుప్ప పోశారు.

ఆ కుప్పలో ఎవరూ కావాలని రాయని సంగతి ఒకటుంది. ఎండకు రాతి వాలు, కోసిన చేను త్వరగా కాగుతాయి, తడి నేల ఆలస్యంగా. కాగిన నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంది. అదే థర్మల్. కంటికి కనబడదు. పైలట్ గద్దల్ని చూసి, మేఘాల్ని చూసి, ఎక్కుతున్నదీ దిగుతున్నదీ చెప్పే వేరియోమీటర్ కూత విని దాన్ని పట్టుకుంటాడు. దొరికాక చేజారకుండా అందులోనే చుట్లు కొడతాడు. కనుక ఫైల్లో దిశ ఒకేవైపు తిరుగుతూ ఎత్తు పెరుగుతుంటే, అక్కడ థర్మల్ తగిలినట్టే. ఇది ప్రోగ్రాం తేలిగ్గా పసిగడుతుంది. వేల జాడల్లోని థర్మళ్లను ఒకే పటం మీద చుక్కలుగా పరిస్తే అవే గుట్టలు, అవే వాలులు మళ్లీమళ్లీ తేలాయి.

అసలు చిక్కు గాలితో. వీచే గాలి థర్మల్‌ను పక్కకు వాలుస్తుంది, పైలట్‌కు అది తగిలిన చోటు పుట్టిన చోటు కాదు. దీనికి విరుగుడూ ఫైల్లోనే ఉంది. చుట్టు చుట్టుకూ దాని నడిమి బిందువు ఎటు జరుగుతోందో చూస్తే గాలి దిశా, వేగమూ తెలుస్తాయి. ఆ ఏటవాలు గీతను కిందికి, గాలికి ఎదురుగా పొడిగిస్తే పుట్టిన నేల ఉజ్జాయింపుగా దొరుకుతుంది. నాకైతే ఈ కథలో అన్నిటికన్నా ముచ్చటైన తెలివి ఇదే. తూర్పు వాలు పొద్దున, పడమటి వాలు సాయంత్రం పనిచేస్తాయి కాబట్టి పటాల్ని వేళలవారీగా, కాలాలవారీగా విడదీయాల్సి వచ్చింది.

అయితే ఈ పటం పొలంలో పడ్డ కాలిబాటలాంటిది. జనం నడిచిన చోటే కనిపిస్తుంది. ఆల్ప్స్‌లో చుక్కలు కిక్కిరిసి ఉంటాయి, మన దేశంలో హిమాచల్‌లోని బీర్ బిల్లింగ్ లాంటి చోట్ల పోగుపడతాయి. ఏప్రిల్ ఎండల్లో తెలుగు నేల మీద గద్దలకు థర్మళ్ల కొదవేమీ లేదు, కానీ గద్దలు ఫైళ్లు రాయవు. పైగా పటం చూసిన పైలట్లు మళ్లీ ఆ చుక్కల మీదికే వెళ్తారు, కొత్త ఫైళ్లూ అక్కడే చేరుతాయి.