దవడ కీలు అతుక్కుపోతే: ఆపరేషన్ ఎలా, తర్వాత ఏం చేయాలి?

చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూస్తే కదిలేదే దవడ కీలు. దెబ్బ తగిలాక అక్కడ ఎముక పెరిగి కింది దవడ పుర్రెకు అతుక్కుపోతే దాన్ని టీఎంజే ఆంకిలోసిస్ అంటారు. మాలిష్‌తో, పసరు కట్టుతో ఇది విడిపోదు. ఆపరేషన్ చేయాల్సిందే.

ఎందుకు వస్తుంది?
గడ్డం నేలకు తగిలేలా పడితే దెబ్బ ఎముక వెంట కీలు దాకా పోతుంది. లోపల ఎముక చిట్లి రక్తం గడ్డకడుతుంది. నొప్పికి భయపడి నోరు కదపకపోతే ఆ గడ్డే మెల్లగా ఎముకగా మారొచ్చు. పదేళ్ల లోపు పిల్లలకు ముప్పు ఎక్కువ. బోధన్ వైపు చెరకు ట్రాక్టర్ మీది నుంచి పడినా, నిజామాబాద్‌లో ఇంటి మెట్ల మీద జారినా, గడ్డానికి కుట్లు వేయించి ఊరుకోవద్దు. కీలుకు కూడా ఎక్స్‌రే తీయించాలి. చెవిలో చీము ముదిరినా ఈ జబ్బు రావచ్చు.

గుర్తులు
పిల్లల మూడు వేళ్లు నిలువుగా వాళ్ల నోట్లో పట్టాలి. వారం వారం చూడండి, తగ్గుతుంటే ఆలస్యం చేయొద్దు. వదిలేస్తే గడ్డం ఎదగక లోపలికి పోతుంది, పళ్లు పుచ్చుతాయి, నిద్రలో గురకతో ఊపిరి అడ్డుపడుతుంది.

ఆపరేషన్
ముందు సీటీ స్కాన్ తీస్తారు. నోరు తెరుచుకోదు కాబట్టి మత్తు ఇచ్చే గొట్టాన్ని సన్నని కెమెరా సాయంతో ముక్కులోంచి దింపుతారు. చెవి ముందు కోసి, అతుకును సుమారు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల మేర తీసేస్తారు. మళ్లీ అతుక్కోకుండా కణత కండను మధ్యలో పరుస్తారు. పిల్లలకు పక్కటెముక ముక్కతో, పెద్దలకు కృత్రిమ కీలుతో కొత్త కీలు కట్టే పద్ధతులున్నాయి. 1990లో అమెరికా సర్జన్ కాబన్ చెప్పిన క్రమం ప్రకారం బల్ల మీదనే నోరు 35 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. ముఖనరం అక్కడే ఉంటుంది కాబట్టి కొందరికి కొన్నాళ్లు కనురెప్ప, నుదురు సరిగా కదలకపోవచ్చు.

అసలు పని ఇంట్లో
నోరు తెరిచే కసరత్తు కొద్ది రోజుల్లోనే మొదలుపెట్టి, నెలల తరబడి రోజుకు చాలాసార్లు చేయించాలి. పిల్లలు ఏడుస్తారు. జాలిపడి అమ్మీ అబ్బా మానేస్తే కీలు మళ్లీ అతుక్కుంటుంది, రెండో ఆపరేషన్ మొదటిదానికన్నా కష్టం.

ఎక్కడికి వెళ్లాలి?
అడగాల్సింది ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జన్‌ను. ఈ విభాగం డెంటల్ కాలేజీల్లో ఉంటుంది. నిజామాబాద్ దగ్గర మల్లారంలో, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలో చూపించవచ్చు. రేషన్ కార్డు, ఆధార్ తీసుకెళ్లి, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అని ఆస్పత్రిలో ముందే కనుక్కోండి.